నడిమి తరగతిలో వచ్చిన బిడ్డకు బడి తలుపు

గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలన్న మాట నిన్న మొన్న పుట్టింది కాదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి వందేళ్ల కిందటే సవర పిల్లల కోసం తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. 1863లో పుట్టిన ఆయన, సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నది పెద్దయ్యాకే. ఆలస్యంగా వచ్చినా పక్కన మాట్లాడే మనిషి ఉంటే భాష అబ్బుతుందని ఆయన జీవితమే చెబుతోంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే 8 భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. దాని పద్ధతి మెట్ల వంటిది. ఒకటో తరగతిలో ఇంటి భాషలో చదువు మొదలవుతుంది. పైకి వెళ్లేకొద్దీ తెలుగు పాలు పెరుగుతుంది. మరి కింది మెట్లు ఎక్కకుండా మూడులోనో నాలుగులోనో వచ్చిన బిడ్డను ఏం చేయాలి?

వద్దనేవాళ్ల మాటలో న్యాయం ఉంది. భాషను నిలబెట్టేది వాచకం ఒక్కటే కాదు, పిల్లలు ఆటలో ఆడుకునే మాట కూడా. ఆ భాష రాని పిల్లలు ఎక్కువమంది ఒక్కసారే వస్తే అందరూ తెలుగులోకి జారిపోతారు. పంతులు కూడా వాళ్ల కోసం తెలుగులోనే చెబుతాడు. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో ‘కోహంగా రేయో’ అనే భాషా గూళ్లను పసిపిల్లలతో మొదలుపెట్టింది అందుకే.

అయితే వేల్స్ దేశంలో ఇంకో దారి వేశారు. వెల్ష్ రాని పిల్లలు పై తరగతుల్లో వస్తే, కొన్ని వారాలు ప్రత్యేక కేంద్రంలో ఆ భాషను గట్టిగా నేర్పి, తర్వాత మామూలు తరగతిలో కలుపుతారు. 1980ల నుంచి ఇది నడుస్తోంది. బడి భాష మారలేదు, బిడ్డకు తలుపూ మూయలేదు.

మా ఇందుకూరుపేట తీరంలో యానాది పిల్లల సంగతి చూడండి. మనది తెలుగే కాబట్టి ఆ 8 భాషల్లో మన పేరు లేదు. కానీ సంఘంలో మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంలో తెలుగు వేరు. మన బిడ్డకు ఒకటో తరగతే కొత్త భాష బడి. పైగా అమ్మానాన్నలు రొయ్యల గుంటల కాపలాకు పోతే బిడ్డా వెంట పోతుంది. తొమ్మిదేళ్లకు బడి మెట్టెక్కే పిల్లలు మనలో తక్కువ కాదు. ‘ఒకటిలో చేరితేనే చేర్చుకుంటాం’ అనే నియమం పెడితే ముందు నష్టపోయేది బతుకుతెరువు కోసం తిరిగే కుటుంబాలే. తమ సొంత భాషా బడికి ఆలస్యంగా వచ్చిన సవర బిడ్డకైనా, కోయ బిడ్డకైనా ఇదే దెబ్బ.

2009 విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ఇలాంటి బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చాలంటుంది. తోటివాళ్లను అందుకునేలా ప్రత్యేక శిక్షణ పొందే హక్కునూ ఇస్తుంది. మనం మొదటి మాటను అమలు చేసి రెండోది మరిచిపోతున్నాం. హాజరుపట్టీలో పేరు చేరుతుంది, బిడ్డ చివరి వరసలో మౌనంగా కూర్చుంటుంది.

కాబట్టి చేర్చుకోవాలి, మూడు షరతులతో. తరగతిలో ఆ భాష వచ్చిన పిల్లలే ఎప్పుడూ ఎక్కువగా ఉండాలి. కొత్తగా వచ్చిన బిడ్డకు మొదటి నెలల్లో రోజూ విడిగా భాష నేర్పే గంట ఉండాలి. ఆ గంట నడిపే మనిషి ఆ భాష ఇంట్లో మాట్లాడేవారై ఉండాలి. ఊళ్లోని అవ్వ అయినా సరే, ఆమెకు జీతం ఇవ్వాలి.

ఇవి లేకుండా తలుపు తీస్తే భాష పోతుంది. తలుపు మూస్తే బిడ్డ పోతుంది. ఈ ఏడు బడి తెరిచే ముందు మీ ఊళ్లో ఆ గంట చెప్పగల మనిషి ఎవరో చూసి పెట్టుకోండి.