ఎత్తు కుర్చీ ఎందుకొచ్చింది?

మన తెనాలి, బాపట్ల, రేపల్లె ఇళ్ళల్లో ఒకప్పుడు అందరూ పీటలేసుకుని కిందే తినేవారు. అన్నప్రాశన అయిన బిడ్డ అమ్మమ్మ ఒళ్ళో కూర్చుంటే అందరి కంచాలూ కంటికెదురుగానే ఉండేవి. ఎత్తు కుర్చీతో పనే లేదు. డైనింగ్ టేబుల్ వచ్చాకే పెద్దవాళ్ళు పైకెళ్ళారు, పిల్లలు కింద మిగిలిపోయారు.

నార్వేలో పీటర్ ఓప్స్‌విక్‌దీ ఇదే చిక్కు. టేబుల్ దగ్గర తన కొడుక్కి సరిపోయే కుర్చీ లేదు. 1972లో ఆయన చేసిన ట్రిప్ ట్రాప్‌కి కూర్చునే చెక్కనీ, పాదాలు ఆన్చే చెక్కనీ పిల్లాడు ఎదిగేకొద్దీ జరుపుకోవచ్చు. అందుకే కొనేటప్పుడు రంగులూ బొమ్మలూ కాదండీ, పాదాలకి ఆసరా, కాళ్ళ మధ్య నుంచి వచ్చే బెల్టు ఉన్నాయేమో చూడండి. బెల్టు పెట్టినా బిడ్డనొదిలి వంటింట్లోకి వెళ్ళకండి.

ఇంకా కిందే తినే ఇల్లయితే, నన్నడిగితే, ఆ డబ్బు ఉగ్గుగిన్నెకి దాచుకోండి.