గరాండ్ రైఫిలు: భాగవైఫల్యముల చరిత్ర

గరాండ్ రైఫిలు అమెరికా సంయుక్త రాష్ట్రముల సైన్యము 1936 జనవరి 9వ తేదీన ఆమోదించిన అర్ధస్వయంచాలక ఆయుధము. ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారియు ఒక తూటా పేలి, ఆ పేలుడులో పుట్టిన వాయువు ఒత్తిడిచేతనే ఖాళీ గుల్ల వెలికి పోయి మరియొక తూటా గొట్టమున చేరుట దీని లక్షణము. ఎం1 అను పేర రెండవ ప్రపంచయుద్ధమున ఇది గడించిన కీర్తి జగద్విదితము. అయినను భాగములు విరుగుచు, బిగిసికొనుచు, చిట్లుచు నిర్మాతలకు నేర్పిన పాఠములే దీని నిజమైన చరిత్ర.

దీని నిర్మాత జాన్ గరాండ్ 1888లో కెనడా దేశమున క్వెబెక్ ప్రాంతపు సెయింట్ రెమీ గ్రామమున జన్మించి, తల్లి మరణానంతరము కుటుంబముతో కనెక్టికట్ చేరి, బట్టలమిల్లులో నేల ఊడ్చు పనిలో కుదిరి, ఆ యంత్రముల నడుమనే పనితనము నలవరచుకొనెను. 1919లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారమున ప్రవేశించి, తన శేష ఉద్యోగజీవితమంతయు అచటనే గడపెను.

కొత్త రైఫిలు ఎంపికకై 1931లో జరిగిన పరీక్షలలో .30 కాలిబరు (అంగుళములలో గొట్టపు లోపలి వ్యాసము) నమూనా బోల్టు (గొట్టపు వెనుకభాగమును మూయు కదలు భాగము) బీటవారగా దానిని పోటీనుండి తొలగింపవలసి వచ్చెను. చిన్న కాలిబరు నమూనాయే మేలని పరీక్షకులు తలంచుచుండగా, 1932లో సైన్యాధిపతి డగ్లస్ మెకార్థర్ అప్పటికే నిలువయున్న .30 తూటాలనే వాడవలెనని నిర్ణయించుటచే, ఆ బీటవారిన బోల్టునే బలపరచి ముందుకు సాగుట అనివార్యమయ్యెను. తొలి నమూనాలలో వాయువును గొట్టము కొసకు బిగించిన తొడుగులో పట్టెడివారు. అది శుభ్రపరచుటకు కష్టమై, వదులగుటకు సులభమై యుండుటచే, గొట్టమున కొసకు సమీపమున సన్నని రంధ్రము తొలిచి వాయువును గ్రహించు పద్ధతిని 1939-40 నడుమ ప్రవేశపెట్టిరి.

అన్నిటిలోను విచిత్రమైనది ఏడవ తూటా చిక్కు. ఈ తుపాకిలో ఎనిమిది తూటాలు రెండు వరుసలుగా ఇమిడిన ఉక్కు క్లిప్పును యథాతథముగ లోనికి నొక్కుదురు. కడపటి తూటా పేలినపుడు క్లిప్పు టింగుమని పైకి ఎగిరి పడును. ఆరు తూటాలు నిరాటంకముగ సాగి, ఏడవది మాత్రము వంకరగా లేచి ఇరుకుకొనుచుండగా, స్ప్రింగును, తూటాలను, క్లిప్పును అనుమానించి వెదకినవారికి దోషము దొరకలేదు. ఆశ్చర్యమేమనగా, చేతిపనిగా తయారుచేసిన ప్రయోగ తుపాకులలో ఈ చిక్కు లేదు. యంత్రములపై తయారైనవాటిలోనే కనబడుచుండెను. రెండింటిని పక్కపక్కన నుంచి చూడగా, రిసీవరు (బోల్టు మొదలగు భాగములు ఇమిడియుండు చట్రము) లోపల తూటాకు దారి చూపు గట్టులో కొంతభాగము, కోత పరికరము సులభముగ తిరుగుటకై, తయారీదారులచే తొలగింపబడినట్లు తేలెను. ఆ గట్టును తిరిగి నిలిపిన తోడనే ఏడవ తూటా దారికి వచ్చెను. ఒక చిన్న గట్టు కొలత, ఆవిష్కర్తకు చెప్పకుండ మారినచో, ఆయుధమంతటికిని అపకీర్తి తెచ్చునని దీనికి మించిన నిదర్శనము నేనెరుగను.

మరియొక చిక్కు వానది. కుండపోతలో నూనె కడిగివేయబడి, బోల్టును త్రిప్పు భాగమున లోహము లోహముతో ఒరసి పట్టుకొనెడిది. కనుక నూనెకు మారు నీటికి కరగని గ్రీజును సైనికులకు ఇచ్చిరి. ఇది గాక, గొట్టము క్రిందుగా సాగి బోల్టును వెనుకకు నెట్టు పొడవైన రాడ్డు, పిడి ప్రారంభమగు చతురస్రపు మూల వద్ద చిట్లుచుండగా, ఆ మూలను గుండ్రముగ మలచిరి. లోహమున పదునైన మూల యెక్కడనో బీట యక్కడ మొదలగును.

యుద్ధానంతరము పనికిరానివిగా మంటతో కోసివేసిన రిసీవరు తునకలను వ్యాపారులు కొని, అతికి, వాటిపై తుపాకులను కూర్చి విక్రయించిరి. పాత భాగములను ఇంటనే కూర్చుకొన్న ఔత్సాహికులును కలరు. అతుకు వేడిమిచే ఉక్కుకు గల మొదటి కాఠిన్యము చెదరును, కొలతలును జరుగును. కనుక అట్టి తుపాకిలో ఒక భాగము విరిగినపుడు దానినే మార్చుటవలన లోపము తీరదు. మూలమైన రిసీవరే దోషి కావచ్చును. అట్టి రిసీవరు వాడుకనుండి తొలగింపదగినదని నా దృఢాభిప్రాయము.

స్ప్రింగ్‌ఫీల్డ్, వించెస్టర్ మొదలగు కర్మాగారములలో సుమారు 54 లక్షల గరాండ్ రైఫిళ్లు తయారయ్యెను. గరాండ్ తన హక్కులను ప్రభుత్వమునకు ధారపోసి, రాయల్టీగా ఒక్క డాలరైనను పొందలేదు. లక్ష డాలర్లు ఇప్పించుటకు కాంగ్రెసులో ప్రవేశపెట్టిన బిల్లు నెగ్గలేదు. 1953లో ఉద్యోగ విరమణ చేసిన ఆయన 1974లో స్ప్రింగ్‌ఫీల్డ్ నగరముననే మరణించెను. ఆయన పనిచేసిన కర్మాగారము 1968లో మూయబడి, నేడు వస్తుప్రదర్శనశాల.