ఉమ్మెత్త పొగ నుంచి ఇన్‌హేలర్ దాకా

మా క్యాంపులో ఒక అన్న ఉన్నాడు. రాయచోటి దగ్గర పల్లె. వయసు యాభై దాటింది, సిగరెట్ మానలేదు. మెట్లెక్కితే ఆయాసం, తెల్లవార్లూ దగ్గు. డాక్టరు రాసిన ఇన్‌హేలర్‌ను మాత్రం దిండు కింద దాచేస్తాడు. "అలవాటైతే మానలేం తమ్ముడూ, అది ఆఖరి మందు" అంటాడు. ఇలాంటి అన్నలు మీ గదుల్లోనూ ఉంటారు. అందుకే ఈ మందు కథ నాలుగు మాటల్లో.

మందు పీల్చడం మన దేశానికి కొత్త కాదు. ఎండిన ఉమ్మెత్త పొగ పీల్చడం ఉబ్బసానికి పాత వైద్యం. 1802లో జనరల్ జెంట్ అనే సైనికాధికారి ఆ పద్ధతిని మద్రాసు నుంచి బ్రిటన్‌కు తీసుకెళ్లాడు. తర్వాత అక్కడ ఉబ్బసం సిగరెట్లు కూడా అమ్మారు. కానీ ఉమ్మెత్త విషం. మోతాదు తప్పితే ప్రాణం పోతుంది, ఎవరూ ప్రయత్నించవద్దు.

కొలిచిన మోతాదు ఇచ్చే ఇన్‌హేలర్ 1956లో అమెరికాలో రైకర్ కంపెనీ తెచ్చింది. తలకు కొట్టుకునే స్ప్రేలాగా మందు ఎందుకు రాదని కంపెనీ అధిపతి మేసన్‌ను 13 ఏళ్ల కూతురు అడగడమే దీనికి మొదలు. 1969లో సాల్బుటమాల్, 1972లో వాపు తగ్గించే బెక్లోమెథసోన్ వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన ఇప్రట్రోపియం, టియోట్రోపియం మందులు ఉమ్మెత్తలోని అట్రోపిన్‌కు చుట్టాలే.

ఇక ఏది మంచిది? ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో మామూలు ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరికి వెళ్లే 2,799 మంది ఊపిరితిత్తుల రోగులపై ఏడాదిపాటు పరీక్ష చేసి 2016లో ఫలితం ప్రకటించారు. రోజుకొకసారి పీల్చే కొత్త మందు వాడినవారికి, పాత మందులే వాడినవారి కంటే జబ్బు తిరగబెట్టడం సుమారు 8 శాతం తగ్గింది. ఖర్చు ఆ మందు కంపెనీదే. అంటే మందుకూ మందుకూ తేడా ఉంది కానీ, కొండంత కాదు. దిండు కింద దాచిన మందు మాత్రం ఏదైనా సున్నాయే.

భయం ఎందుకు? సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాములుంటే, రెండు పఫ్‌లలో 0.2 మిల్లీగ్రాములే. తక్కువ మందు, నేరుగా ఊపిరితిత్తులకే. అయితే అది అప్పటికప్పుడు ఉపశమనానికి. రోజూ వాడేది వేరే, అది డాక్టరు చెప్పాలి. పీల్చే పద్ధతి ఆయన ముందే చేసి చూపించండి.

ఈ సంగతులన్నీ అన్నకు చెప్పాను. "సరే, రేపు క్లినిక్‌కు నువ్వూ రా" అన్నాడు. మీ గదిలో అన్నకు కూడా ఎవరో ఒకరు తోడు వెళ్లండి.