ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్: హార్మోను చికిత్సలో జీవనం (తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతం)

పురుషుల్లో మూత్రాశయానికి దిగువన, మూత్రనాళాన్ని చుట్టుకొని పెద్ద ఉసిరికాయంత పరిమాణంలో ఉండే గ్రంథిని ప్రోస్టేట్ గ్రంథి లేదా పౌరుష గ్రంథి అంటారు. ఈ గ్రంథిలో పుట్టిన క్యాన్సర్ దాని హద్దు దాటి లింఫు గ్రంథులకో, వెన్నుపూసలు, తుంటి, పక్కటెముకల వంటి ఎముకలకో పాకినప్పుడు దానిని ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌గా పరిగణిస్తారు. ఈ దశలో వ్యాధిని సమూలంగా తీసివేయడం సాధారణంగా సాధ్యం కాకపోయినా, అనేకమందిలో సంవత్సరాల తరబడి అదుపులో ఉంచడం సాధ్యమే. ఆ అదుపునకు మూలాధారం హార్మోను చికిత్స. చికిత్స మొదలైన తరువాత రోగి జీవితం ఎలా సాగుతుందన్నది మందు ఎంత మంచిదనే దానిమీదనే కాక, ఒక సూదికీ మరొక సూదికీ నడుమ ఇంట్లో తీసుకునే జాగ్రత్తలమీద కూడా చాలావరకు ఆధారపడి ఉంటుంది.

తమిళనాడు ఉత్తరపు అంచున ఉన్న తిరువళ్ళూరు జిల్లాలో, ముఖ్యంగా తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాల్లో, తెలుగు మాట్లాడే కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. పూర్వం చిత్తూరు జిల్లాలో భాగమైన తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న, మధ్యవర్తి పటాస్కర్ సూచనల మేరకు జరిగిన సరిహద్దుల మార్పులో, అప్పటి మద్రాసు రాష్ట్రానికి చేరింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తెలుగు కుటుంబంలో జన్మించింది ఈ ఊరిలోనే. ఈ చరిత్ర వల్ల ఇక్కడి తెలుగు రోగి ఇంట్లో తన బాధను తెలుగులో చెప్పుకొని, ఆసుపత్రిలో అదే బాధను తమిళంలో విన్నవించుకొని, ఆంగ్లంలో రాసిన మందుచీటీతో ఇంటికి తిరిగి వస్తాడు. ఆసుపత్రి బోర్డుమీద కనిపించే ‘పుట్రునోయ్’ అనే తమిళ పదాన్ని ఇంట్లో ఎవరూ పలకరు. ‘ఆ జబ్బు’ అని గొంతు తగ్గించి అంటారు. చీటీలోని ప్రతి మందు పేరుకూ ఎదురుగా అది ఎందుకో, ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో రాయించుకోవడం చిన్న పనే అయినా దాని ప్రయోజనం పెద్దది.

వ్యాధి బయటపడే తీరు

రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం, ధార సన్నబడటం వంటి లక్షణాలను ‘వయసు మీద పడితే అంతే’ అని సరిపెట్టుకోవడం, నడుమునొప్పిని పొలం పనికో మగ్గం పనికో ఆపాదించడం వల్ల అనేకమందిలో వ్యాధి ఎముకలకు చేరిన తరువాతగాని బయటపడదు. మూత్ర లక్షణాలు క్యాన్సర్ లేని సాధారణ గ్రంథి వాపులోనూ ఉంటాయి కనుక వాటిని బట్టి మాత్రమే ఏదీ తేల్చలేరు. ప్రోస్టేట్ కణాలు రక్తంలోకి విడిచే పి.ఎస్.ఏ. అనే మాంసకృత్తు పరిమాణం, గ్రంథినుంచి తీసిన ముక్కల పరీక్ష, ఎముకల స్కాను లేదా పి.ఎస్.ఎం.ఏ. పెట్ స్కాను కలిపి చూసి వ్యాధినీ దాని వ్యాప్తినీ నిర్ధారిస్తారు. ముక్క పరీక్షలో కణాల అమరికను బట్టి ఇచ్చే అంకెను, 1960లలో ఆ పద్ధతిని రూపొందించిన అమెరికన్ వైద్యుడు డొనాల్డ్ గ్లీసన్ పేరుతో, గ్లీసన్ స్కోరు అంటారు. నేటి వాడుకలో ఇది 6 నుంచి 10 వరకు ఉంటుంది. అంకె పెరిగే కొద్దీ వ్యాధి దూకుడు ఎక్కువ.

హార్మోను చికిత్స: మూలం, పద్ధతులు

ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలలో అధిక భాగం పురుష హార్మోనైన టెస్టోస్టిరాన్ అండతో పెరుగుతాయి. వృషణాలను తొలగిస్తే వ్యాధి వెనక్కు తగ్గుతుందని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ 1941లో నిరూపించారు. హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ బహుమతి లభించింది. వృషణాలకు ఆజ్ఞ పంపే మెదడులోని హార్మోను నిర్మాణాన్ని 1971లో కనుగొన్న తరువాత, దానిని పోలిన కృత్రిమ పదార్థాలను సూదిమందుగా ఇచ్చి, శస్త్రచికిత్స లేకుండానే టెస్టోస్టిరాన్‌ను అణచడం సాధ్యమైంది. లూప్రోలైడ్, గోసెరెలిన్, ట్రిప్టోరెలిన్ ఈ తరగతివే. రక్తంలో డెసిలీటరుకు సాధారణంగా 300 నానోగ్రాములకు పైన ఉండే టెస్టోస్టిరాన్‌ను 50కి దిగువకు తేవడం వీటి లక్ష్యం.

ఈ సూదులు తొలి ఒకటి రెండు వారాల్లో హార్మోనును తగ్గించడానికి బదులు తాత్కాలికంగా పెంచుతాయి. వెన్నెముకలో వ్యాధి ఉన్నవారికి ఆ పెరుగుదల ప్రమాదకరం కావచ్చు కనుక సూదికి ముందే బైకాలుటమైడ్ అనే మాత్రను ప్రారంభించి కొన్ని వారాలు కొనసాగిస్తారు. 2008లో అమెరికాలో అనుమతి పొందిన డెగారెలిక్స్ సూదితో ఈ ఇబ్బంది లేదు.

వృషణాల తొలగింపు శస్త్రచికిత్స ఈనాటికీ సమర్థమైన మార్గమే. అది చిన్న ఆపరేషన్. టెస్టోస్టిరాన్ గంటల వ్యవధిలో పడిపోతుంది, నెలనెలా సూది ఖర్చు ఉండదు, తేదీ తప్పుతుందన్న భయం ఉండదు. పైపొరను ఉంచి లోపలి కణజాలాన్ని మాత్రమే తీసే పద్ధతిలో బయటి రూపం కూడా పెద్దగా మారదు. అయినా సేద్యం ఎరిగిన కుటుంబాల్లో ఈ మాట వినగానే విత్తు కొట్టిన ఎద్దు గుర్తుకు వస్తుంది. ఆ పోలిక మనిషిని లోలోపల ఎంత నలిపివేస్తుందో వైద్యులు తరచుగా గుర్తించరు. సూది చేసేదీ అదే పని అని, శరీరం మీద రెండింటి ఫలితమూ దాదాపు ఒకటేనని, తేడా అల్లా సూదిని ఆపితే హార్మోను క్రమంగా తిరిగి రావచ్చుననే విషయంలోనేనని స్పష్టంగా చెప్పిన తరువాతనే రోగిని నిర్ణయం అడగడం న్యాయం. డబ్బు లేక శస్త్రచికిత్సను ఎంచుకున్నవాడు తక్కువ వైద్యం పొందినట్లు భావించవలసిన పని ఎంతమాత్రం లేదు.

సూది తేదీ

వాడుకలో నెల సూది, మూణ్ణెల్ల సూది అనే మాటలు లెక్కను కొంత తప్పుదారి పట్టిస్తాయి. పొట్ట చర్మం కింద గింజలా అమర్చే గోసెరెలిన్ 3.6 మిల్లీగ్రాముల మోతాదుకు గడువు 28 రోజులు; 10.8 మిల్లీగ్రాములదానికి 12 వారాలు, అంటే 84 రోజులు. తిరువళ్ళూరులో వైద్య వీరరాఘవస్వామిగా పేరొందిన పెరుమాళ్ళ సన్నిధికి అమావాస్యనాడు వచ్చి, హృత్తాపనాశిని అనే కోనేటిలో బెల్లం కరిగించి ఆరోగ్యం కోరుకునే ఆచారం ఉంది. నెలకొకసారి తప్పక గుర్తుండే రోజు కనుక సూదిని కూడా అమావాస్యతో ముడిపెట్టుకోవాలనిపించడం సహజమే. అయితే అమావాస్యకూ అమావాస్యకూ నడుమ సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు ఉంటాయి. ఆ లెక్కన ప్రతిసారీ ఒకటిన్నర రోజు ఆలస్యమై, ఏడాదిలో వేయవలసిన 13 సూదులు 12 అవుతాయి. ఆలస్యం పెరిగితే కొందరిలో టెస్టోస్టిరాన్ మళ్ళీ తలెత్తుతుంది. దర్శనానికి అమావాస్యనూ, సూదికి క్యాలెండరులో 28వ రోజున చుట్టిన ఎర్ర గుర్తునూ విడివిడిగా పాటించడమే సరైనది.

అదనపు మందులు, వ్యయం

ఎముకలకు పాకిన వ్యాధిలో సూదికి తోడుగా మొదటినుంచే మరొక మందు ఇవ్వడం గత దశాబ్దంలో వచ్చిన పెద్ద మార్పు. 2015లో వెలువడిన ఛార్టెడ్ అనే అధ్యయనంలో, హార్మోను చికిత్స మాత్రమే పొందినవారిలో సగంమంది 44 నెలలకు పైగా జీవించగా, దానితో డోసిటాక్సెల్ కీమోథెరపీ కూడా పొందినవారిలో సగంమంది 57.6 నెలలకు పైగా జీవించారు. అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్ వంటి మాత్రలతోనూ ఆయుర్దాయం పెరుగుతుందని తరువాతి అధ్యయనాలు చూపాయి. అబిరాటెరోన్‌ను సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాముల చొప్పున ఖాళీ కడుపుతో, అంటే తిన్న రెండు గంటల తరువాత, మళ్ళీ తినడానికి గంట ముందు వేసుకోవాలి. ఆహారంతో కలిస్తే అది రక్తంలోకి అనేక రెట్లు ఎక్కువగా చేరుతుంది. దానితో ఇచ్చే ప్రెడ్నిసలోన్‌ను మాత్రం తిన్న తరువాతే తీసుకోవాలి. ఈ రెండు మాత్రల వేళలను తారుమారు చేయడం చాలా తేలికగా జరిగే పొరపాటు. రక్తపోటు, పొటాషియం, కాలేయం, చక్కెర పరీక్షలు క్రమం తప్పక చేయించుకోవాలి.

తిరుత్తణి నుంచి చెన్నై సుమారు 85, తిరుపతి సుమారు 65 కిలోమీటర్లు. అరక్కోణం మీదుగా తిరువళ్ళూరును తాకుతూ సాగే రైలు చెన్నై సెంట్రల్ చేరుస్తుంది. రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి ఆ స్టేషను ఎదుటనే ఉంది. చెన్నైలోని అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను, 1923లో చెల్లెలిని క్యాన్సర్‌తో కోల్పోయిన వైద్యురాలు ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో 1954లో నెలకొల్పారు. తిరువళ్ళూరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో ప్రారంభమైంది. చికిత్స వ్యయానికి తమిళనాడు వాసులకు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం ఉంది. సరిహద్దుకు అటు నగరిలోనో పుత్తూరులోనో రేషను కార్డు ఉన్నవారికి ఆంధ్రప్రదేశ్ పథకమే వర్తిస్తుంది కనుక, ఇటు కూతురింట ఉండి వైద్యం చేయించుకునే తండ్రి విషయంలో ఏ కార్డు చెల్లుతుందో చికిత్సకు ముందే తెలుసుకోవాలి. చికిత్సకు వెళ్ళే క్యాన్సర్ రోగులకు రైల్వే ఛార్జీలో రాయితీ కూడా ఉంది.

శరీరంలో వచ్చే మార్పులు

టెస్టోస్టిరాన్ తగ్గినప్పుడు ఛాతీనుంచి మెడకూ ముఖానికీ వేడి ఎగదన్ని, కొన్ని నిమిషాల్లో ఒళ్ళంతా చెమట పోయడం చాలామందిలో కనిపిస్తుంది. దీనిని వేడి ఆవిర్లు అంటారు. తమిళనాడులో ఎండ తీవ్రతకు తరచుగా పేరు వినిపించే తిరుత్తణిలో, 40 డిగ్రీలు దాటే కత్తెర రోజుల్లో, ఇది జ్వరమని భ్రమ కలిగిస్తుంది. ఉష్ణమాపకంతో చూస్తే జ్వరం ఉండదు. పలుచని నూలు బట్టలు, తడిగుడ్డ, కుండనీళ్ళు, వేడి కాఫీనీ కారాన్నీ తగ్గించడం కొంత ఉపశమనం ఇస్తాయి. నిద్ర చెడేంతగా ఉంటే వైద్యుడు మందు ఇవ్వగలడు.

కంటికి కనిపించని నష్టం ఎముకలకు జరుగుతుంది. హార్మోను లేనందువల్ల ఎముకలు గుల్లబారి, కాలు జారి పడితేనే తుంటి విరిగే స్థితి రావచ్చు. ఈ ప్రాంతంలో నిత్యాహారమైన రాగి ఇక్కడ ఉపకరిస్తుంది: 100 గ్రాముల రాగుల్లో దాదాపు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, రోజుకు కావలసింది 1000 నుంచి 1200. ఉదయం అంబలి, మధ్యాహ్నం సంకటి, ఒక గ్లాసు మజ్జిగ, దానికి తోడు వైద్యుడు చెప్పిన విటమిన్ డి తీసుకుంటే లెక్క చాలావరకు సరిపోతుంది. మధుమేహం ఉన్నవారు సంకటి ముద్ద పరిమాణాన్ని గమనించుకోవాలి. జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ వంటి ఎముకల మందులు మొదలుపెట్టే ముందు పళ్ళ వైద్యుణ్ణి కలిసి, పీకవలసిన పళ్ళు ఉంటే ముందే పీకించుకోవాలి. తరువాత పీకిస్తే దవడ ఎముక మానక కుళ్ళే ప్రమాదం ఉంది.

కండ తగ్గి కొవ్వు పెరగడం, రక్తహీనత, చక్కెర వ్యాధి, గుండె జబ్బుల ముప్పు కూడా ఈ చికిత్సతో వస్తాయి. అలసటకు విశ్రాంతి కంటే క్రమమైన వ్యాయామమే మేలు చేస్తుందని అధ్యయనాలు నిలకడగా చెబుతున్నాయి. తిరుత్తణి కొండకు ఏడాదిలోని దినాలకు సంకేతంగా చెప్పే 365 మెట్లున్నాయి. వైద్యుడు అనుమతించినవారు రోజూ కొన్ని మెట్లు ఎక్కి దిగితే కాళ్ళ కండకూ ఎముకలకూ బలం. గత నెలలో సునాయాసంగా ఎక్కిన మెట్ల దగ్గరే ఈ నెల ఆయాసం వస్తే, అది రక్తహీనతకో గుండె ఇబ్బందికో గుర్తు కావచ్చు. వెన్నుపూసల్లో వ్యాధి ఉన్నవారు మాత్రం అడగకుండా మెట్లు ఎక్కరాదు, బరువులు ఎత్తరాదు.

దాంపత్యం, మనస్సు

కామేచ్ఛ తగ్గడం, అంగస్తంభన లోపించడం ఈ చికిత్సలో దాదాపు అందరికీ ఎదురయ్యేవి. గ్రంథి పేరులోనే పౌరుషం ఉండటం వల్ల కాబోలు, దీనిని రోగి తన వ్యక్తిత్వానికే కలిగిన లోటుగా తలచి మౌనం వహిస్తాడు. భార్య ఆ మౌనాన్ని తనపై అయిష్టంగా అర్థం చేసుకుంటుంది. కన్నీరు తొందరగా రావడం, చిరాకు, మతిమరుపు కూడా మందు ప్రభావాలేనని తెలియక ఇంటివారు నొచ్చుకుంటారు. సూది మొదలుపెట్టే రోజున భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ఈ సంగతులన్నీ చెప్పడం వైద్యంలో భాగం కావాలి. నిరాశ ముదిరితే దానికీ చికిత్స ఉంది.

అదుపు తప్పినప్పుడు

టెస్టోస్టిరాన్ 50కి దిగువనే ఉండగా పి.ఎస్.ఏ. వరుసగా పెరిగినా, స్కానులో కొత్త మచ్చలు కనిపించినా వ్యాధి హార్మోను అణచివేతకు లొంగని దశకు చేరిందని అర్థం. అప్పుడు కూడా సూదిని ఆపకుండానే, అంతవరకు వాడని మాత్రలు, కీమోథెరపీ, ల్యూటీషియం అణుచికిత్స, కొన్ని జన్యుమార్పులున్నవారికి ఒలాపరిబ్ వంటివి ఎంచుకుంటారు. ఈ దశలోనే నాటుమందులవైపు మనసు మళ్ళుతుంది. ఏది వాడుతున్నా క్యాన్సర్ వైద్యునికి చెప్పడం అవసరం, ఎందుకంటే కొన్ని మూలికలు, లోహభస్మాలు కాలేయాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీయగలవు.

కొత్తగా తీవ్రమైన వెన్నునొప్పి, కాళ్ళు పట్టు తప్పడం లేదా మొద్దుబారడం, మూత్రం బిగియడం, మలం అదుపు తప్పడం కనిపిస్తే వెన్నుపాము నొక్కుకుపోతున్నట్లు అనుమానించాలి. చికిత్స గంటలమీద అందితే నడక నిలుస్తుంది. కాళ్ళు పూర్తిగా పడిపోయిన తరువాత తిరిగి నడవడం కష్టం. తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేసి, ఎం.ఆర్.ఐ., రేడియేషన్ సదుపాయాలున్న ఆసుపత్రికి చేరాలి.

ఎముకల నొప్పికి రేడియేషన్, మార్ఫీన్ మాత్రలు బాగా పనిచేస్తాయి. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికి వాడే మార్ఫీన్ ప్రాణం తీస్తుందన్న భయం నిరాధారం. మంచం పట్టినవారికి ఇంటివద్దే ఉపశమన సేవ, ఫిజియోథెరపీ అందించే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న ప్రారంభించింది. దీనికోసం దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగవచ్చు.

ఈ వ్యాధి కొన్ని కుటుంబాల్లో బి.ఆర్.సి.ఏ.2 వంటి జన్యువుల ద్వారా సంక్రమిస్తుంది. అటువంటి మార్పు ఉన్న తండ్రినుంచి అది కొడుకులకే కాక కూతుళ్ళకూ రావచ్చు, వారిలో రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచవచ్చు. కనుక రోగికి జన్యుపరీక్ష విషయం వైద్యుణ్ణి అడగాలి. నలభై అయిదేళ్ళు దాటిన తమ్ముళ్ళు, కొడుకులు పి.ఎస్.ఏ. పరీక్ష గురించి, కూతుళ్ళు తమ పరీక్షల గురించి ఆలస్యం చేయకుండా సంప్రదించాలి.