లెక్కకెక్కని బిడ్డలు

హక్కును చట్టమిచ్చును, దానికగు వ్యయమును ఎవరో యొకరు భరింపవలయును. ఈ రెంటికిని పొత్తు కుదరనిచో నేమగునో మా నందికొట్కూరు సీమచరిత్ర తెలుపుచున్నది.

1871లో మదరాసు ప్రభుత్వము స్థానికనిధుల చట్టమును చేసి, భూమి రాబడిపై రూపాయకు అణాకు మించని సెస్సు వేసి, బాటలను బడులను దానితో నడుపుమనెను. మెట్టభూమికి శిస్తే స్వల్పము. సెస్సు మరింత స్వల్పము. 1876-78లో ధాత కరవు కర్నూలు మండలమును పీడించినపుడు శిస్తే రానిచోట సెస్సెక్కడిది? 1920 నాటి ప్రాథమికవిద్యా చట్టము, విద్యాపన్ను వేసికొనిన స్థానికసంస్థలకు ప్రభుత్వము తోడుధనమిచ్చు పద్ధతిని తెచ్చెను. ఎక్కువ వసూలు చేయగలిగిన చోటికే ఎక్కువ సాయము చేరెను. కలిగినవారికే కలిమి తోడయ్యెను.

సామాన్యమైన బడికే చాలని నిధిలో చూపులేని బిడ్డకు, వినికిడిలేని బిడ్డకు, బుద్ధివికాసము మందగించిన బిడ్డకు పాలెక్కడిది? ఇంగ్లాండులో చూపు, వినికిడి లేని పిల్లల చదువు 1893లోనే స్థానికాధికారుల విధియయ్యెను. మనదేశమున వికలాంగబాలల సమన్విత విద్యాపథకము 1974లో మొదలయ్యెను. 1995, 2016 చట్టములు హక్కును స్థిరపరచినవి.

నేడు సమగ్రశిక్ష వ్యయములో కేంద్రము 60 పాళ్లు, రాష్ట్రము 40 పాళ్లు భరించుచున్నవి. 2018లో ఆ పథకము ప్రత్యేకావసరములుగల బిడ్డ కొక్కరికి ఏటికి 3500 రూపాయలవరకు నిర్ణయించెను. మండలములందు భవిత కేంద్రములు వెలసినవి. ఇది మెచ్చదగిన మార్పే. కాని యీ ధనము గుర్తింపబడిన బిడ్డల సంఖ్యననుసరించి వచ్చును. గుర్తించుటకు శిక్షణగల ఉపాధ్యాయుడు ఊరూర తిరుగవలెను. వైద్యుని ధ్రువపత్రము కావలెను. దానికై తల్లి ఒకనాటి కూలిని వదలుకొని పట్టణమునకు పోవలెను. తల్లి పోలేని నాడు బిడ్డ లెక్కకెక్కదు. లెక్కకెక్కని బిడ్డకు నిధియు రాదు.

ఇంగ్లాండులో 2014 చట్టము పిమ్మట ఇట్టి పిల్లల విద్యావ్యయము ప్రభుత్వగ్రాంటును మించిపోగా, స్థానికసంస్థలు లోటులో మునిగినవి. ఆ లోటును సామాన్యపు లెక్కలకు వేరుగా నుంచుటకు 2020లో ప్రత్యేకనియమమే చేయవలసివచ్చెను. అచ్చటి లోటు పద్దులలో కనబడుచున్నది. ఇచ్చటి లోటు ఇంటి గడపలోపల దాగియున్నది. కనబడని అప్పును తీర్చుమని అడుగువారెవరు?

ధనము పరిమితమని కొందరందురు. నిజమే. అయినను విధిని విధించినవారే దాని భారములో అధికభాగమును వహించుట న్యాయము. దూరమును, పేదరికమును గణించి మెట్టసీమలకు ఎక్కువ పాలు పెట్టవలయును. అన్నిటికన్న ముందు గ్రామమున ప్రతి బిడ్డను లెక్కింపవలయును. చదువరులారా, మీ యూరి బడిపట్టీలో లేని బిడ్డ యెవ్వరో నేడే విచారింపుడు.