అమీర్‌పేట: అడిగి తెలిసికొను విద్య

హైదరాబాదు నగరమధ్యమున, పంజాగుట్ట చౌరస్తా నుండి అమీర్‌పేట మీదుగా సంజీవరెడ్డినగరము వరకు సాగు బాటకు ఇరుప్రక్కల మూడు దశాబ్దములుగా వర్ధిల్లిన కంప్యూటరు విద్యావ్యాపారమును ప్రశంసించువారును కలరు, నిందించువారును కలరు. పేదయింటి పిల్లలకు అమెరికా దారి చూపిన విద్యాస్థానమని మొదటివారందురు; జెరాక్సు కాగితములకు రుసుము వసూలుచేయు అంగడియని రెండవవారందురు. ఈ ఉభయవాదములకును దూరముగ నిలిచి, అచ్చటి చదువులలో ఒక్క పాఠ్యాంశమునకు పట్టిన గతిని మాత్రము పరిశీలించినచో, ఆ వీథి యొక్క బలమును, లోపమును ఏకకాలమున గోచరించును. ఆ పాఠ్యాంశము 'సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్' అనునది. యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయుటకు పూర్వము, ఎవరి పనికొరకు వ్రాయుచున్నామో వారి చెంతకు పోయి, ఆ పని నేడెట్లు జరుగుచున్నదో అడిగి తెలిసికొని, ఇకమీద నెట్లు జరుగవలెనో నిర్ణయించు విద్య యది.

ఈ విద్య కంప్యూటరు కంటె పాతది. ఇంగ్లండులో తేనీటిశాలలును రొట్టెల కర్మాగారములును నడిపిన జె. లయన్స్ సంస్థ, తన కార్యాలయములందు ఏ కాగితము ఏ బల్ల మీదినుండి ఏ బల్ల మీదికి పోవుచున్నదో, పోవలసిన అవసరమున్నదో లేదో విచారించుటకై 1930 దశకముననే 'సిస్టమ్స్ రీసెర్చ్ ఆఫీసు' అను విభాగమును నెలకొల్పెను. ఆ సంస్థయే పిమ్మట 'లియో' అను కంప్యూటరును స్వయముగ నిర్మించుకొని, 1951 నవంబరులో రొట్టెల విభాగపు లెక్కలను దానికప్పగించెను. వ్యాపారకార్యాలయపు నిత్యకృత్యమును కంప్యూటరు వహించుట లోకమున అదియే మొదలు. యంత్రము సిద్ధమగు నాటికి దానికేమి చెప్పవలెనో తెలిసినవారు ఆ సంస్థలో అంతకు పూర్వమే యుండుట గమనింపదగిన విషయము. 1970 దశకమున అమెరికాలో టామ్ డిమార్కో, ఎడ్వర్డ్ యూర్డన్, క్రిస్ గేన్, ట్రిష్ సార్సన్ మున్నగువారు ఇట్టి అనుభవములను క్రోడీకరించి శాస్త్రముగ రూపొందించిరి. సమాచారము ఎచ్చట బయలుదేరి, ఎవరి చేతిలో మారి, ఎచ్చట నిలువయగునో గీతలతోను బాణములతోను చూపు 'డేటా ఫ్లో డయాగ్రమ్' ఆ కాలమున వ్యాప్తికి వచ్చినదే. 1976లో పీటర్ చెన్ ప్రకటించిన 'ఎంటిటీ రిలేషన్‌షిప్' నమూనా దానికి తోడయ్యెను.

మన దేశమున ఈ శాస్త్రము తరగతిగదిలో అడుగిడుటకు ఎం.సి.ఏ. చదువు ప్రధానద్వారమయ్యెను. 1980 దశకారంభమున ఆచార్య వి. రాజారామన్ ప్రభృతుల ప్రోద్బలమున రూపుదాల్చిన ఆ చదువు, యంత్రనిర్మాణముకంటె కార్యాలయములలో దాని వినియోగమునకు ప్రాముఖ్యమిచ్చెను. కావున అందు విశ్లేషణకు సహజముగనే పీఠము దొరకెను. 1990లో ఆరంభమైన కేంద్రప్రభుత్వపు డోయెక్ కంప్యూటరు పరీక్షలలోను ఆ విషయమునకు స్థానము లభించెను. ఎలియాస్ అవాద్, జేమ్స్ సెన్ అనువారి గ్రంథములును, రాజారామన్ స్వయముగ వ్రాసిన పాఠ్యగ్రంథమును ఒక తరము విద్యార్థుల చేతులలో నలిగెను. హైదరాబాదునకు కంప్యూటరు అప్పటికి క్రొత్త గాదు. 1967లో ఇచ్చట స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ రెండేండ్లలోనే టి.డి.సి.-12 అను స్వదేశీ కంప్యూటరును వెలువరించియుండెను.

ఆ పుస్తకములలోని పాఠక్రమము ఇంచుమించుగ ఒక్కటియే. మొదట సాధ్యాసాధ్య పరిశీలనము: సాంకేతికముగ వీలగునా, ఖర్చు గిట్టునా, పనివారు అంగీకరింతురా అను మూడు ప్రశ్నలు. పిదప సమాచారసేకరణము: ముఖాముఖి ప్రశ్నించుట, ప్రశ్నావళి పంచుట, పాతకాగితములు తిరగవేయుట, ఒక మూల కూర్చుండి పని జరుగు తీరును గమనించుట. ఆ తరువాత చిత్రములు, నిర్ణయపట్టికలు, దత్తాంశముల పొందిక, పరీక్ష. తుదకు పాతపద్ధతిని క్రొత్తపద్ధతిని కొంతకాలము జంటగ నడిపి సరిచూచుకొనుట. చదువుటకిది చప్పగనుండును. దీని ప్రయోజనమెట్టిదో ఒక ఉదాహరణమువలన తెలియగలదు.

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలో 'కార్డ్' అను పథకము అమలులోకి వచ్చెను. అంతకుపూర్వము సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున ప్రతి దస్తావేజును పెద్దపుస్తకములలో చేతితో నకలు వ్రాయుచుండిరి. ఒక యింటిపై ఋణభారమున్నదా లేదా యని తెలుపు ఈ.సి. కావలెనన్నచో గుమాస్తా ఏండ్లకొలది సూచికలను తిరగవేయవలసియుండెను. ఇట్టి కార్యాలయమునకు ప్రోగ్రాము వ్రాయువాడు ముందుగ తెలిసికొనవలసిన సంగతులెన్ని! స్టాంపుసుంకము దస్తావేజు రకమును బట్టి మారును. ఆస్తి విలువ గ్రామమును బట్టి, వీథిని బట్టి మారును. సాక్షులెవరు, వ్రేలిముద్రలెప్పుడు తీసికొందురు, అసలు కాగితము తిరిగి ఎవరి చేతికిత్తురు అను ప్రశ్న లొక్కొక్కటియు ఒక్కొక్క నియమమునకు దారితీయును. వీనిలో ఏ యొక్కటియు కంప్యూటరు పుస్తకములో దొరకదు. బల్లకు ఆవలిప్రక్క కూర్చున్న గుమాస్తా నోటనుండియే వెలువడవలెను. 'కార్డ్' వలన చేతినకళ్లకు బదులు కాగితపు ప్రతిబింబములు నిలువచేయబడి, రోజులు పట్టిన పని గంటలకు దిగివచ్చెను. అయినను కార్యాలయము బయటి దళారులు అంతటితో అంతరింపలేదు. కాగితపు దారిని మార్చుట యొక యెత్తు, ఆ దారివెంట కాచుకొనియున్న మనుష్యుల అలవాట్లను మార్చుట మరియొక యెత్తు. విశ్లేషకుడు ఈ రెండవదానిని గూడ లెక్కలోనికి తీసికొనవలెనని చెప్పుటకే పాఠ్యగ్రంథములలో 'పనివారు అంగీకరింతురా' అను ప్రశ్న చేర్చబడినది.

ఇక స్థలమును గూర్చి. ఒకప్పుడు పైగా ప్రభువుల జాగీరుగ నుండిన అమీర్‌పేట చాలకాలము నగరపు వాయవ్యాంచలమున నెమ్మదిగనుండిన ప్రాంతము. 1950 దశకమున సారథి స్టూడియో ఇచ్చట వెలసెను. 1960 దశకమున పంజాగుట్టలో నిజాం ట్రస్టు పక్షమున ఎముకల ఆసుపత్రి ఏర్పడి, తరువాత నిమ్స్‌గా పరిణమించెను. నగరము కూకట్‌పల్లివైపు పెరిగినకొలది ఈ రెండు కూడళ్లును బస్సుల రాకపోకలకు ముఖ్యస్థానములయ్యెను. జిల్లాలనుండి వచ్చిన పడుచువాండ్రకు సంజీవరెడ్డినగరమునను, బల్కంపేటలోను చౌకగదులు, హాస్టళ్లు, మెస్సులు దొరకుచుండెను. అప్పటికే ప్రతి పట్టణమునను టైపు, షార్టుహ్యాండు ఇన్‌స్టిట్యూట్లు నడుచుచుండెను. డిగ్రీ చేతికి వచ్చిన పిమ్మట 'ఏదైన నేర్చుకొనుట' అను ఆచారము తెలుగు గృహములందు స్థిరపడియుండెను. టైపుమిషను స్థానమున కంప్యూటరు వచ్చి కూర్చుండుటకు అట్టే కాలము పట్టలేదు. నగరాభివృద్ధి సంస్థయగు హుడా నిర్మించిన మైత్రీవనము, ఆ ప్రాంతపు ఆదిత్య ఎన్‌క్లేవ్‌లోని నీలగిరి, అన్నపూర్ణ బ్లాకులు గదిగదికొక బోర్డుతో నిండిపోయెను.

ఎన్.ఐ.ఐ.టి., ఆప్టెక్ వంటి దేశవ్యాప్త సంస్థలు దీర్ఘకాలికములగు కోర్సులను పెద్దరుసుములతో నడపుచుండగా, అమీర్‌పేట మరియొక మార్గము త్రొక్కెను. ఇచ్చట అమ్ముడుపోవునది కోర్సుగాదు, ఒక్క 'టూలు'. నెలకో నెలన్నరకో ముగియు బ్యాచ్. మొదటిరోజు ఉచితముగ డెమో క్లాసు. పగలు కంపెనీలో ఉద్యోగము చేసి ఉదయము ఏడింటికో సాయంకాలమో వచ్చి పాఠము చెప్పు 'రియల్‌టైమ్ ఫ్యాకల్టీ'. వ్రాసికొనుటకు రన్నింగ్ నోట్సు, చదువుకొనుటకు జెరాక్సు మెటీరియల్. ఏ సారు బాగుగ చెప్పునో హాస్టలు గదులలో తేలిపోవుచుండెను. సంస్థపేరుకంటె సారుపేరు పెద్దది. ఆయన గది మారినచో వందలమంది విద్యార్థులు ఆయన వెంట మారుచుండిరి. ఆంగ్లమున తడబడు జిల్లా విద్యార్థికి నడుమనడుమ తెలుగులో విడమరచి చెప్పు ఈ పద్ధతి, ఖరీదైన సంస్థలు చేయజాలని మేలు చేసినదని ఒప్పుకొనక తప్పదు.

అయితే ఈ వ్యాపారమున విశ్లేషణకు చోటు దొరకలేదు. కారణము బోధకుల అలక్ష్యము గాదు, గిరాకీ స్వభావము. 1990 దశకాంతమున, రెండువేల సంవత్సరము పుట్టగానే పాతప్రోగ్రాములు తేదీలను తప్పుగ గ్రహించునన్న భయముచేత అమెరికాలో కోబాల్ తెలిసినవారికి ఎనలేని గిరాకీ యేర్పడెను. అప్పుడు చేయవలసినది ఎన్నడో విశ్లేషింపబడి నిర్మింపబడిన వ్యవస్థలలో తేదీలను దిద్దుట మాత్రమే. అడిగి తెలిసికొనవలసినదేమియు లేదు. హెచ్-1బి వీసాల వార్షికపరిమితి 65,000 నుండి 1998లో చేసిన చట్టముచే 1,15,000కు, 2000లో చేసిన చట్టముచే 1,95,000కు పెరిగెను. మనుష్యులను గంటలలెక్కన కంపెనీలకు సరఫరాచేయు కన్సల్టెన్సీలు రెజ్యూమెలో వెదకినవి టూలు పేర్లే. ఆ సంధికాలమున హైదరాబాదులోను సిడ్నీలోను ఉండి ఈ సరఫరాను పరిశీలించిన శియాంగ్ బియావ్ అను చైనా మానవశాస్త్రజ్ఞుడు 2007లో 'గ్లోబల్ బాడీ షాపింగ్' అను గ్రంథమును ప్రకటించెను; ఈ వీథి ఆ ప్రపంచవ్యాపారములో ఎట్టి స్థానము వహించెనో అందు తెలియగలదు.

కారణము మరియొకటి గలదు. ఇది మొదటిదానికంటె లోతైనది. హైదరాబాదుకు వచ్చిన పనిలో అధికభాగము సగము దారిలో చేరిన పని. బ్యాంకు న్యూయార్కులోను, బీమాకంపెనీ లండనులోను ఉండగా, వాని గుమాస్తాలను అడిగి తెలిసికొను భాగము 'ఆన్‌సైటు'లో ముగిసి, ఏమి కట్టవలెనో వ్రాసిన పత్రము మాత్రము ఇచ్చటికి చేరుచుండెను. ప్రశ్న యొక దేశమున, జవాబు మరియొక దేశమున. జవాబు వ్రాయువారికి ప్రశ్నించు విద్య యెందుకని అమీర్‌పేట తలంచుటలో, నాటి లెక్కప్రకారము, తప్పేమియు లేదు.

అయినను విశ్లేషణ ఆ వీథిని పూర్తిగ విడిచిపోలేదు. వేషము మార్చుకొని వేరొక గుమ్మమున ప్రవేశించెను. ఎం.సి.ఏ., బి.టెక్. చివరి సెమిస్టరులో ప్రతివిద్యార్థియు ఒక ప్రాజెక్టు చేసి నివేదిక సమర్పింపవలెనని విశ్వవిద్యాలయముల నియమము. వరంగల్లు, గుంటూరు, కర్నూలు కళాశాలలనుండి విద్యార్థులు గుంపులుగ వచ్చి అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కొని పోవు ఆచారము దానివలన పుట్టెను. గ్రంథాలయనిర్వహణ, ఆసుపత్రినిర్వహణ, జీతముల లెక్క, ఆన్‌లైన్ వేలము వంటి శీర్షికలు ముందే సిద్ధముగనుండును. ప్రోగ్రాముతోబాటు నివేదికయు లభించును. ఆ నివేదికను తెరచి చూచినచో విశ్లేషణశాస్త్రమంతయు అధ్యాయక్రమమున అందు కానవచ్చును. 'ఎగ్జిస్టింగ్ సిస్టమ్' అను శీర్షిక క్రింద ప్రస్తుతము అంతయు చేతితో జరుగుచున్నదనియు, కాలహరణమనియు, తప్పులకు ఎడమిచ్చుననియు నాలుగు వాక్యములు. 'ప్రపోజ్డ్ సిస్టమ్' క్రింద ఆ నాలుగింటికి వ్యతిరేకములైన మరి నాలుగు వాక్యములు. సాధ్యాసాధ్యములు మూడును అనుకూలముగనే తేలును. ప్రతికూలముగ తేలిన నివేదికను చూచినవారు అరుదు. పిదప డయాగ్రములు, తెరబొమ్మలు, పరీక్షాపట్టికలు. తుదకు బంగారురంగు అక్షరములతో నల్లని గట్టిఅట్ట. ఏ ఆసుపత్రికిని పోకుండగనే ఆసుపత్రివ్యవస్థ విశ్లేషింపబడెను, ప్రోగ్రాము ముగిసిన పిమ్మట దానికనుగుణముగ ప్రశ్నలు వ్రాయబడెను. పెండ్లి జరిగిన తరువాత జాతకములు కలిపినట్లుండెను ఆ శాస్త్రీయత.

దీనికి అమీర్‌పేట నొక్కదానినే దోషిగ నిలుపుట ధర్మము గాదు. నివేదికను తూచు కళాశాల అధ్యాయములను లెక్కించెనేగాని, 'నీవు ఎవరితో మాటలాడితివి? వారేమనిరి?' అని అడుగలేదు. ఆ రెండు ప్రశ్నలు మౌఖికపరీక్షలో వేసినచో, కొనితెచ్చిన నివేదిక ఐదు నిమిషములైన నిలువదు. అడుగుట నేర్పవలసిన పాఠమును అడుగకుండ పరీక్షించుటచేతనే ఆ పాఠము అంగడికి తరలిపోయెను.

2000 సంవత్సరము తరువాత డాట్‌కామ్ కంపెనీలు కూలినప్పుడు అమీర్‌పేట గదులు కొన్నాళ్లు వెలవెలబోయెను. పిదప జావా, డాట్‌నెట్, శాప్, టెస్టింగ్, హడూప్, క్లౌడ్ అనుచు ఒకదాని వెనుక నొకటి బోర్డులు మారెను. పాతటూలు నేర్చినవారు క్రొత్తదానికై అదే మెట్లెక్కిరి. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చి, రెండు మార్గములు కలియు అమీర్‌పేట నగరమునకు మార్పిడి స్టేషనయ్యెను. 2020లో మహమ్మారి కాలమున తరగతులు తెరలమీదికెక్కెను. నాటి సారు మాటలను నేడు న్యూజెర్సీలో కూర్చున్న విద్యార్థియు వినుచున్నాడు.

ఈ మార్పుల నడుమ గమనింపదగిన యొక పరిణామము గలదు. నగరమున కంపెనీలు సొంతముగ ఉత్పత్తులు నిర్మించుట హెచ్చినకొలది, అమెరికాలో పని వెదకుకొను తెలుగువారికి ప్రోగ్రాములు వ్రాయనక్కరలేని ఉద్యోగములు కనబడినకొలది, 'బిజినెస్ అనలిస్ట్' అను క్రొత్త బ్యాచ్ బోర్డులకెక్కెను. అందు బోధించునదేమి? పనివారిని ప్రశ్నించుట, అవసరముల పత్రము వ్రాయుట, ప్రవాహచిత్రము గీయుట, క్రొత్తపద్ధతిని వారిచే ఒప్పించుట. పేర్లు మారెను, చిత్రములకు యు.ఎమ్.ఎల్., పత్రములకు 'యూజర్ స్టోరీ' అను సంజ్ఞలు వచ్చెను; సారము మాత్రము అవాద్, రాజారామన్ గ్రంథములలోనిదే. కళాశాలలో ఒకమారు రుసుము చెల్లించి అట్టవేయించి వదలివేసిన పాఠమునే, పదేండ్ల పిమ్మట మరల రుసుము చెల్లించి అదే వీథిలో నేర్చుకొనువారు నేడు తక్కువమంది గారు.

టూలు నేర్పుటలో అమీర్‌పేటను మించినది లేదు. ఆ కీర్తి దానికి న్యాయముగనే దక్కినది. కాని ఆ టూళ్లలో పెక్కింటి పేర్లు నేడు బోర్డులపై కానరావు. విశ్లేషణ మాత్రము పాతబడలేదు. ఆ పాఠమును కళాశాల మరల చేతబట్టవలెనన్నచో క్రొత్త సిలబసుతో పనిలేదు. విద్యార్థిని ఒక వారముపాటు ప్రక్కవీథిలోని రేషన్‌దుకాణమునకో, నిమ్స్ ఓ.పి. చీటీల కిటికీ వద్దకో పంపి, అచ్చట జరుగు పనిని వర్ణింపుమని కోరి, దానికే మార్కులు వేసినచో చాలును. అట్టి వర్ణనమును ఏ అంగడియు ముందుగ సిద్ధము చేసి ఉంచజాలదు.