ఖుర్బానీ నిర్వహణలో వకాలత్: స్వహస్తం నుండి కూపను వరకు – ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

తెలుగులో 'వకాల్తా పుచ్చుకోవడం' అనే పలుకుబడి ఉంది. ఎవరూ కోరకపోయినా ఇతరుల పక్షాన వాదించేవారిని ఆక్షేపించడానికి దీనిని వాడుతుంటారు. పాలనా వ్యవహారాల ద్వారా, న్యాయస్థానాల ద్వారా తెలుగులో స్థిరపడిన 'వకీలు', 'వకాల్తా' అనే ఈ అరబీ మూలపదాలకు ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఇంతకంటె విస్తృతమైన అర్థం ఉంది. ఒకరు చేయవలసిన కార్యాన్ని వారి అనుమతితో మరొకరు నిర్వహించడం వకాలత్. అలా నిర్వహించే వ్యక్తి వకీలు. నికాహ్ సందర్భంలో వధువు సమ్మతిని సభకు తెలిపే వకీలు తెలుగు ముస్లిం కుటుంబాలకు సుపరిచితుడు. బక్రీదునాడు ఇంటి యజమాని పక్షాన జంతువును కోసే కసాయి కూడా ఈ దృష్టిలో వకీలే.

ఏటా చేయవలసిన ఖుర్బానీని ముస్లింలు ఏ విధంగా ఏర్పాటు చేసుకుంటారు అనే ప్రశ్నను సాధారణంగా ఆచార వర్ణనగా మాత్రమే చూడడం జరుగుతున్నది. ఆ ఏర్పాటుకు ఒక చరిత్ర ఉందనీ, అది ప్రధానంగా వకాలత్ పరిధి క్రమంగా విస్తరించిన చరిత్ర అనీ ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం. ఖుర్బానీని తెలుగులో 'బలి' అని అనువదించడం వల్ల ఈ చరిత్ర మరుగున పడుతున్న తీరు కూడా ఇందులో చర్చకు వస్తుంది.

పద విచారణ

'ఖుర్బాన్' అనే పదానికి మూలం సామీప్యాన్ని తెలిపే అరబీ ధాతువు. దైవానికి చేరువ కావడానికి సమర్పించేది ఖుర్బానీ. హీబ్రూలోని 'కొర్బాన్', సిరియాక్‌లోని 'ఖుర్బానా' దీనికి సోదర పదాలు. ధర్మశాస్త్ర గ్రంథాలు పండుగనాటి సమర్పణను 'ఉద్హియా' అనీ, హజ్ యాత్రికుడు మక్కా పరిసరాలలో చేసే సమర్పణను 'హద్య్' అనీ వేరు చేస్తాయి. ఉర్దూ ద్వారా తెలుగుకు చేరిన 'ఖుర్బానీ' ఈ రెండింటికీ వాడుకలో ఉంది.

తెలుగు పాఠకునికి 'బలి' అనగానే గ్రామదేవత జాతర స్ఫురిస్తుంది. జాతరలో బలి దేవతకు ఆహారంగా, ఊరి రక్షణకు మూల్యంగా భావింపబడుతుంది. ఖురాన్‌లోని 22వ అధ్యాయం 37వ వాక్యం మాంసం గాని, రక్తం గాని దైవాన్ని చేరవని, మనిషిలోని దైవభీతి మాత్రమే చేరుతుందని చెబుతుంది. అంటే ఇక్కడ పుచ్చుకొనే దేవత లేడు, మాంసమంతా మనుషులకే. కాబట్టి ఖుర్బానీలో కోత ఒక అంగం మాత్రమే. సంకల్పం, స్వామ్యం, పంపకం అనేవి తక్కిన అంగాలు. ఏర్పాటుకు సంబంధించిన చర్చ అంతా ఈ మూడింటి చుట్టూ నడిచింది. 'బలి' అనే మాట చూపును కత్తి దగ్గరే ఆపివేస్తుంది.

తొలి ఆధారాలు

మదీనాలో ప్రవక్త కొమ్ములు గల రెండు పొట్టేళ్లను స్వహస్తాలతో కోసినట్లు అనస్ ఉల్లేఖించిన హదీసు ప్రసిద్ధం. స్వయంగా కోయడమే ఉత్తమం అనే అభిప్రాయానికి ఇది ఆధారం. అయితే క్రీ.శ. 632లో జరిగిన అంతిమ హజ్ యాత్ర వివరాలు మరొక కోణాన్ని చూపుతాయి. సహీహ్ ముస్లింలోని జాబిర్ ఉల్లేఖనం ప్రకారం సమర్పించిన ఒంటెలు 100. వాటిలో 63 ఒంటెలను ప్రవక్త స్వయంగా కోసి, తక్కినవాటిని అలీకి అప్పగించారు. ఆ తరువాత ప్రతి ఒంటె నుండి ఒక్కొక్క ముక్క తీసి ఒకే పాత్రలో వండించి, ఇద్దరూ ఆ మాంసాన్ని తిని, పులుసును తాగారు. పనిని అప్పగించినా సంబంధాన్ని అప్పగించలేదన్నది ఇందులో గమనించదగిన అంశం. తాను కోయని ఒంటె మాంసం కూడా ఆ పాత్రలో ఉంది.

అదే సందర్భంలో అలీకి ఇచ్చిన ఆదేశాలు నిర్వహణ చరిత్రకు అత్యంత కీలకమైనవి. మాంసాన్ని, చర్మాలను, ఒంటెలపై కప్పిన వస్త్రాలను కూడా పేదలకు పంచాలని, కసాయికి కూలిగా వాటిలో నుండి ఏమీ ఇవ్వరాదని, కూలిని విడిగా చెల్లించాలని ఆ హదీసు చెబుతుంది. తెలుగు గ్రామాల జాతరలలో సేవా కులాలకు బలి జంతువులో నిర్దిష్ట భాగాలు హక్కుగా దక్కే సంప్రదాయంతో దీనిని పోల్చి చూడవచ్చు. అక్కడ భాగమే ప్రతిఫలం. ఇక్కడ ప్రతిఫలం వేరు, భాగం వేరు. కసాయి పేదవాడైతే అతనికీ మాంసం ఇవ్వవచ్చు. కాని అది దానం కావాలి గాని కూలి కారాదు.

వాటా – తూకం

హుదైబియా వద్ద (క్రీ.శ. 628) ఒక ఒంటెను ఏడుగురి పక్షాన, ఒక ఆవును ఏడుగురి పక్షాన సమర్పించినట్లు జాబిర్ ఉల్లేఖించారు. సమష్టి ఖుర్బానీకి ఇదే పునాది. మేక, గొర్రె అయితే ఒక్కరి పక్షాన. గోజాతి పశువు, ఒంటె అయితే ఏడుగురి వరకు. మేకకు ఒక సంవత్సరం, పశువుకు రెండు, ఒంటెకు ఐదు సంవత్సరాలు నిండాలి. గుడ్డిది, బాగా కుంటేది, రోగంతో చిక్కిపోయినది పనికిరాదు.

హనఫీ శాఖలో నిర్ణీత సంపద గల ప్రతి వయోజనునికి ఖుర్బానీ వాజిబ్, అనగా తప్పనిసరి. షాఫియీ శాఖలో అది బలంగా విధించిన సున్నత్. హనఫీల గడువు జిల్‌హజ్జ్ 10 నుండి 12 వరకు. షాఫియీల గడువు 13 వరకు. తెలుగు ప్రాంతాల ముస్లింలలో అత్యధికులు హనఫీలు. హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన హద్రమౌత్ అరబ్బుల సంతతి షాఫియీ సంప్రదాయానికి చెందినది. అందువల్ల ఒకే నగరంలో రెండు గడువులు పక్కపక్కనే కనిపిస్తాయి.

సమష్టి ఖుర్బానీకి హనఫీ ధర్మశాస్త్రవేత్తలు రెండు ముఖ్యమైన నియమాలు చెప్పారు. ఏడుగురి సంకల్పమూ దైవ సామీప్యమే కావాలి. ఒక్కరు కేవలం మాంసం కోసం చేరినా తక్కిన ఆరుగురి ఖుర్బానీ కూడా చెల్లదు. వాటాలను ఉజ్జాయింపుగా కాక తూచి పంచాలి. మాంసానికి మాంసం మార్పిడిలో హెచ్చుతగ్గులు వడ్డీ దోషానికి దారి తీస్తాయన్నది ఇందుకు కారణం. ఒకని సంకల్పలోపం మరొకని ఆరాధనను భంగపరచగలదంటే, వాటాదారులు ఒకరినొకరు ఎరిగినవారై ఉండాలన్న సామాజిక నియమం దానిలో అంతర్లీనంగా ఉందని చెప్పవచ్చు.

న్యాయస్థానంలో వాటా

వలస పాలనా కాలంలో ఖుర్బానీ ఏర్పాటు ఇంటి విషయంగా మిగలలేదు. 1893లో ఉత్తర భారతంలోనూ బొంబాయిలోనూ చెలరేగిన అల్లర్లకు గోవధ వివాదం నేపథ్యమైంది. 1919 డిసెంబరులో అమృతసర్‌లో జరిగిన ముస్లిం లీగ్ సమావేశానికి అధ్యక్షత వహించిన హకీం అజ్మల్ ఖాన్ బక్రీదుకు ఆవులకు బదులు ఇతర జంతువులను సమర్పించవలసిందిగా ముస్లింలను కోరారు. ధర్మశాస్త్రం ఇచ్చిన ఎంపికను సామరస్య సాధనంగా వినియోగించిన సందర్భమిది.

అదే ఎంపిక 1958లో సుప్రీంకోర్టులో వేరొక ప్రయోజనానికి ఉపకరించింది. మహమ్మద్ హనీఫ్ ఖురేషీ వ్యాజ్యంలో ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ తీర్పు రచించారు. మర్ఘీనానీ రచించిన హిదాయాకు హామిల్టన్ చేసిన ఆంగ్లానువాదాన్ని న్యాయస్థానం పరిశీలించింది. ఒకరికి ఒక మేక, లేదా ఏడుగురికి ఒక ఆవు లేదా ఒంటె అనే వికల్పం ఉన్నందున గోవును సమర్పించడం మతపరమైన అనివార్యత కాదని నిర్ణయించింది. ఏడుగురున్న కుటుంబం ఒక ఆవును కొనగలిగినా ఏడు మేకలను కొనలేకపోవచ్చునని కూడా తీర్పు అంగీకరించింది. అయితే దానిని ఆర్థిక నిర్బంధంగానే గాని మత నిర్బంధంగా పరిగణించలేదు. ధర్మశాస్త్రంలో వాటా పుట్టుక అల్పాదాయులకు సౌలభ్యంగా పనిచేయగా, న్యాయస్థానంలో అదే వాటా ఆ సౌలభ్యాన్ని వదులుకోవడానికి హేతువైంది. మూల గ్రంథం ఒకటే. అడిగిన ప్రశ్న మారింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఈ పరిధిని మరింత స్పష్టం చేసింది. ఆవుల వధ నిషిద్ధమైంది. మేక, గొర్రె ఖుర్బానీలో ఇంటి ఏర్పాటు కొనసాగగా, పెద్ద పశువు విషయంలో చట్టాన్ని, ధ్రువపత్రాలను ఎరిగిన నిర్వాహకుని అవసరం పెరిగింది. వకీలుకు ఇప్పుడు ధర్మశాస్త్ర జ్ఞానంతో పాటు చట్ట జ్ఞానమూ కావలసివచ్చింది.

మినా – కూపను

వకాలత్ విస్తరణలో అతిపెద్ద మలుపు మినాలో సంభవించింది. విమాన ప్రయాణాలతో హజ్ యాత్రికుల సంఖ్య పెరిగిన కొద్దీ రెండు మూడు రోజులలోనే లక్షల జంతువులు వధింపబడేవి. వాటిని తినేవారు, భద్రపరచే సదుపాయాలు చాలక కళేబరాలను పూడ్చివేయవలసి వచ్చేది. ఈ స్థితిలో సౌదీ ప్రభుత్వం 1983లో హజ్ మాంస వినియోగ పథకాన్ని ప్రారంభించి, నిర్వహణను ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకుకు అప్పగించింది. యాత్రికుడు కూపను కొంటాడు. పథక నిర్వాహక సంస్థ అతని వకీలు అవుతుంది. మాంసం మొదట మక్కా పరిసరాల పేదలకు, మిగిలినది శీతలీకరించి అనేక దేశాల పేదలకు చేరుతుంది.

వృథాను అరికట్టిన ఈ పథకం హనఫీ యాత్రికునికి ఒక చిక్కును తెచ్చింది. హనఫీ శాఖలో రాళ్లు రువ్వడం, ఖుర్బానీ, శిరోముండనం అనే క్రమం హజ్జె తమత్తు చేసేవారికి వాజిబ్. తన జంతువు ఏ గంటలో కోయబడిందో తెలియకుండా తల గొరిగించుకోవడం క్రమభంగానికి దారి తీయవచ్చు. అందువల్ల కూపనుతో పాటు వధ జరిగే సమయం కూడా యాత్రికునికి తెలియవలసిన విషయమైంది. తక్కిన శాఖల పండితులలో అధికులు ఈ క్రమం విషయంలో సడలింపు ఇచ్చారు. ఒక పరిపాలనా ఏర్పాటు ధర్మశాస్త్ర భేదాలను ఆచరణలో ఎలా ముందుకు తెస్తుందో దీనివల్ల తెలుస్తున్నది.

నేటి తెలుగు నేల

హైదరాబాదు వంటి నగరాలలో నేడు మదర్సాలు, సేవా సంస్థలు వాటాల ప్రకారం సమష్టి ఖుర్బానీని ఏర్పాటు చేస్తున్నాయి. 'హిస్సా' ధరను ముందుగా ప్రకటిస్తారు. పేరు నమోదు చేసుకున్నవారి పక్షాన వధ, పంపకం జరుగుతాయి. గల్ఫ్ దేశాలలో, అమెరికాలో ఉన్న తెలుగు ముస్లింలు స్వస్థలంలోని బంధువులనో, సంస్థలనో వకీలుగా నియమించుకొంటున్నారు. ఇటువంటి సందర్భాలలో రెండు చోట్లా ఖుర్బానీ దినాలు నడుస్తున్న సమయంలోనే వధ జరిపించడం శ్రేయస్కరమని హనఫీ ముఫ్తీలు సూచిస్తారు. చర్మాన్ని యజమాని స్వయంగా వాడుకోవచ్చు. అమ్మితే మాత్రం ఆ సొమ్ము దానం కావాలి. ఈ నియమం వల్లనే చర్మాల విరాళం చిరకాలం మదర్సాలకు ఒక ఆదాయమార్గంగా నిలిచింది.

మాంసాన్ని మూడు భాగాలు చేసి, ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు ఇవ్వడం వాంఛనీయం. పై 22వ అధ్యాయంలోని 36వ వాక్యం పేదలలో రెండు తెగలను పేర్కొంటుంది: చేయి చాచి అడిగేవారు, ఉన్నదానితో తృప్తిపడి అడగనివారు. అడిగేవారి వద్దకు సంస్థ చేరగలదు. అడగనివారు ఎవరో తెలిసినది పొరుగింటివారికే. వకాలత్ ఎంత దూరం విస్తరించినా పూరించలేని స్థానం ఇది.

ముగింపు

స్వహస్తం, కసాయి, వాటాదారుల బృందం, మదర్సా, కూపను పథకం అనే దశలలో ఖుర్బానీ నిర్వహణ విస్తరించినా కొత్త దశ పాతదానిని తొలగించలేదు. ఇవి నేటికీ ఏకకాలంలో జీవిస్తున్నాయి. ప్రతి దశలోనూ కోత చేతులు మారింది. సంకల్పం మాత్రం యజమానిదిగానే మిగిలింది. చేతులు మారిన కొద్దీ సందిగ్ధంలో పడినది పంపకం. కావున ఏర్పాటు సాధుత్వాన్ని నిర్ణయించవలసినది ఎవరు కోశారన్న దానికంటె, ఎవరికి చేరిందన్న దానిని బట్టి అని ఈ పరిశీలన సూచిస్తున్నది.

భాషాపరంగా 'బలి' అనే అనువాదం ఈ అంశాలలో దేనినీ పట్టి ఇవ్వదు. ముస్లిం జీవితాన్ని చిత్రించిన తెలుగు కథలను, కవితలను పరిశీలించే పరిశోధకులు ఖుర్బానీ, హిస్సా, వకాలత్ వంటి పదాలను యథాతథంగా స్వీకరించి, వాటి అర్థ చరిత్రను వివరించడం అవసరం. 'వకాల్తా'ను న్యాయస్థానం ద్వారా తనదిగా చేసుకున్న తెలుగుకు ఆ పదపు మరొక జీవితాన్ని గుర్తించడం కష్టసాధ్యం కాదు.